నోర్చా వెళ్తున్నారా? పప్పు కొనే ముందు సంచి వెనక్కి తిప్పి చూడండి

నిన్న రాత్రే ఇంటికి చేరాం. కోపం ఇంకా చల్లారలేదు. పూలు చూడ్డానికి ఇటలీలో ఉన్న మనవాళ్లు చాలామంది ఈ నెలలోనే నోర్చా వెళ్తున్నారు కాబట్టి ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

ఊరి గురించి మీకు తెలిసిందే. ఉంబ్రియా ప్రాంతపు కొండల మధ్య, చుట్టూ కోటగోడతో ఉండే చిన్న ఊరు. క్రైస్తవ సన్యాసి సెయింట్ బెనెడిక్ట్ పుట్టిన చోటు. 2016 అక్టోబర్ 30న 6.5 తీవ్రతతో వచ్చిన భూకంపానికి ఆయన పేరున్న పెద్ద చర్చి, బసిలికా, చాలావరకు కూలిపోయింది, ముందుగోడ నిలబడింది. అక్కడి వీధుల్లో నడిస్తే ఏ కొట్టు ముందు చూసినా పంది తొడలు వేలాడుతుంటాయి. ఇటలీలో పంది మాంసం కొట్లకు నోర్చినేరియా అన్న పేరు ఈ ఊరి నుంచే వచ్చింది. మేం శాకాహారులం. ఇంటికి తెచ్చుకోడానికి మాకు మిగిలింది పప్పే.

ఆ పప్పు గురించి అమ్మకి ఆశ పెట్టింది నేనే. గుంటూరు నుంచి వచ్చి రెండు నెలలుగా మా ఇంట్లో ఉంటోంది. నోర్చా పైన కొండ మీదున్న కాస్తెల్లుచ్చో అనే పల్లెలో 1,400 మీటర్ల ఎత్తున పండుతుందమ్మా, మన మైసూరు పప్పు జాతే కానీ గింజ చాలా చిన్నది, నానబెట్టక్కర్లేదు అని దారంతా చెప్పాను. నోర్చాలో దిగగానే మెయిన్ వీధిలో ఒక కొట్టు కనిపించింది. బుట్ట నిండా గోనెగుడ్డ సంచులు, వాటి వెనక గోడంతా పూల మైదానం ఫోటో. "ఇది కాస్తెల్లుచ్చోదేనా?" అని స్పష్టంగా అడిగాను. "అవును, అవును, ఇక్కడి కొండదే" అని కొట్టతను చెయ్యెత్తి పైకి చూపించాడు. అర కిలో సంచి 9 యూరోలు. నాలుగు తీసుకున్నాం. గుంటూరులో పిన్నికి ఒకటి, అత్తయ్యకి ఒకటి అని అమ్మ అక్కడే లెక్క వేసుకుంది.

మర్నాడు కారులో పైకి వెళ్లాం. పియానో గ్రాండె మైదానం, ఎర్ర గసగసాల పూలు, నీలం పూలు, పసుపు పూలు, వెనక వెత్తోరె కొండ. ఆ పూలన్నీ పప్పు చేలలో మొలిచే కలుపు మొక్కలేనట, అమ్మకి అది భలే నచ్చింది. రోడ్డు పక్కన ఒక రైతు పప్పు అమ్ముతున్నాడు. అమ్మ గుప్పెడు తీసుకుని అరచేతిలో పరిచింది. ఆవగింజ కన్నా కాస్త పెద్దవి, అంతే. ఒకటి ఆకుపచ్చ, ఒకటి గోధుమ రంగు, ఒకదాని మీద చుక్కలు. "మనం కొన్నవి ఇవి కాదే" అంది.

రూమ్‌కి వచ్చి సంచి విప్పాం. అన్నీ ఒకే రంగు, ఒకే సైజు, చదునుగా పెద్ద గింజలు. సంచి వెనక అడుగున, కుట్టు దగ్గర చిన్న అక్షరాలు. "కన్ఫెత్సియోనాతో ఆ నోర్చా", అంటే నోర్చాలో ప్యాక్ చేశారని. దాని కింద ఇంకా చిన్నగా "ఒరీజినె: కెనడా". కెనడా నుంచి వచ్చే పప్పు మన దేశంలో కిరాణా కొట్లలోనే దొరుకుతుంది!

వెంటనే కొట్టుకి వెళ్లాం. విప్పని మూడు సంచులు కౌంటర్ మీద పెట్టి, డబ్బు తిరిగి ఇవ్వమని మర్యాదగానే అడిగాను. అతను ఒక సంచి తిప్పి, ఆ చిన్న అక్షరాల కింద బొటనవేలి గోరు పెట్టి, ఒక్కో మాటా గట్టిగా చదివాడు, చిన్నపిల్లలకి చదివి వినిపించినట్టు. "రాసే ఉంది. చదువుకోవాల్సింది మీరు" అన్నాడు. నిన్న ఏమన్నారని అడిగితే "నేనేమీ అనలేదు" అన్నాడు. వెనకున్న ఇద్దరు కస్టమర్లు నవ్వారు. అమ్మకి ఇటాలియన్ రాదు, కానీ ఆ గొంతు అర్థమైంది. సంచులు ఒక్కొక్కటే తీసి తన బ్యాగ్‌లో పెట్టుకుని, "పద తల్లీ, పోనీలే" అంది. 36 యూరోలు పోయినందుకు కాదు నాకు బాధ. అరవై నాలుగేళ్ల మనిషిని అలా నిలబెట్టినందుకు. నాలుగేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను, చదవడం వచ్చు. ఆ ఫోటో చూసి, అతని మాట నమ్మి, సంచి తిప్పకుండా డబ్బిచ్చింది నేనే. అది తలుచుకుంటే రాత్రి నిద్ర పట్టలేదు.

పప్పు కొనేటప్పుడు సంచి మీద "లెంటిక్యా ది కాస్తెల్లుచ్చో ది నోర్చా" అన్న పూర్తి పేరు, పసుపు నీలం రంగుల గుండ్రటి ఐజీపీ ముద్ర (ఫలానా ప్రాంతపు సరుకే అని యూరోపియన్ యూనియన్ ఇచ్చే గుర్తు), రెండూ ఉన్నాయో లేదో చూడండి. 1997 నుంచి ఈ పప్పుకి ఆ గుర్తింపు ఉంది. నోటిమాట నమ్మకండి. వీలైతే పైన రైతుల దగ్గరే కొనండి. ట్రఫుల్ (నేలలో పెరిగే ఖరీదైన, ఘాటైన వాసన ఉండే పుట్టగొడుగు లాంటిది) సాస్ సీసాలకీ ఇదే జాగ్రత్త: మేం చూసిన ఒక సీసాలో ఎక్కువ భాగం మామూలు పుట్టగొడుగులు, ట్రఫుల్ 3 శాతం, మిగతా వాసన కోసం "అరోమా", అంటే కలిపిన ఫ్లేవర్. అది మాత్రం కొనే ముందే చదివాం.