తిరుపతిలో రూము: యాప్‌లో తీసుకుంటే ఒకలా, హోటల్‌తో మాట్లాడి తీసుకుంటే ఇంకోలా

తిరుపతి వెళ్ళేవాళ్ళకి రూముతో పని తెల్లవారుజామునే పడుతుంది. హైదరాబాద్ వైపు నుంచి నారాయణాద్రి, పద్మావతి లాంటి రైళ్ళు పొద్దున్నే దించేస్తాయి. రాత్రి బస్సులూ అంతే. దిగగానే కావలసింది వేడినీళ్ళు, పిల్లలకి బట్టలు మార్చే చోటు, పెద్దవాళ్ళు కాసేపు నడుం వాల్చడానికి ఒక మంచం. కొండ మీద నుంచి ఎన్నింటికి దిగుతామన్నది మాత్రం మన చేతుల్లో ఉండదు. టోకెన్ లేకుండా సర్వదర్శనానికి వెళ్తే, రద్దీ రోజుల్లో ఒక పగలూ ఒక రాత్రీ క్యూ కంపార్ట్‌మెంట్లలోనే గడిచిపోతుంది. మధ్యాహ్నం పన్నెండుకి రూము ఇచ్చి, మర్నాడు పదకొండుకి ఖాళీ చేయమనే పద్ధతి ఊటీకో గోవాకో సరిపోతుందేమో గానీ తిరుపతి యాత్రకి సరిపోదు. అందుకే ఇక్కడ రూము చూసేటప్పుడు రేటు కంటే ముందు గంటలు చూడాలి. ఆ గంటల గురించి మాట ఇవ్వగలిగేది హోటల్ ఒక్కటే, మధ్యలో ఉన్న వెబ్‌సైట్ ఇవ్వలేదు. ఈసారి కొన్ని రూములు బుకింగ్ సైట్‌లో, కొన్ని నేరుగా హోటళ్ళకి ఫోన్ చేసి తీసుకున్నాం కాబట్టి రెండింటి తేడా పక్కపక్కనే కనిపించింది.

మా అక్క కొడుక్కి పుట్టువెంట్రుకలు తీయించాలని బయల్దేరాం. అమ్మ, అక్కాబావ, చంటివాడు, నేనూ మా ఆవిడ, మా పిల్లలిద్దరు. రైల్వే స్టేషన్‌కి దగ్గరలో రెండు గదులు సైట్‌లోనే తీసుకుని డబ్బు మొత్తం ముందే కట్టాం. ఎర్లీ చెకిన్ కావాలని రిక్వెస్ట్ పెట్టే చోట రాశాం. రైలు దిగి ఆరింటికల్లా హోటల్ ముందు ఉన్నాం. రిసెప్షన్‌లో ఉన్న అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు.

"అన్నా, మీ బుకింగ్ పన్నెండు నుంచి. అంతవరకు లాబీలో కూర్చోండి. ఇప్పుడే రూము కావాలంటే సగం రోజు చార్జీ కట్టాల."

"రిక్వెస్ట్ పెట్టాం కదా తమ్ముడూ?"

"అది మాకు వచ్చిందన్నా. ఖాళీ ఉంటేనే ఇస్తామని దాంట్లోనే ఉంటాది చూడండి."

నిజమే, ఉంది. రూము ఖాళీగా ఉంటేనే అన్న మాట వోచర్ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. చంటివాడు ఏడుస్తుంటే సగం రోజు చార్జీ కట్టేశాం. గదికి ఇద్దరు పెద్దవాళ్ళని వోచర్‌లో ఉంది కాబట్టి అమ్మకి వేసే పరుపుకి విడిగా డబ్బు అడిగారు. వాళ్ళ లెక్కలో అది తప్పు కాదు. కానీ సైట్‌లో చూసిన రేటుకీ మేం ఆ పొద్దున చేతి నుంచి పెట్టిందానికీ పొంతన లేకుండా పోయింది.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. హోటల్‌ని అడగమన్నారు. హోటల్‌లో, సైట్‌ని అడగమన్నారు. ఈ తిప్పలు ఎందుకొస్తాయో తర్వాత ఆ హోటల్ మేనేజరే ఓపిగ్గా చెప్పాడు. ముందే డబ్బు కట్టించుకునే సైట్లు చాలావరకు ఆ డబ్బు తమ దగ్గరే ఉంచుకుంటాయి. మనం రూము ఖాళీ చేసి వెళ్ళాక, తమ కమిషన్ తీసుకుని మిగతాది హోటల్‌కి పంపుతాయి. అంటే మనం రిసెప్షన్ ముందు నిలబడి ఉన్న సమయానికి హోటల్ చేతిలో మన రూపాయి ఒక్కటీ ఉండదు. లేని డబ్బు వాళ్ళెలా తిరిగి ఇస్తారు, తేదీ ఎలా మారుస్తారు? మార్చాలన్నా సైటే మార్చాలి. ఫోన్ ఎత్తిన సైట్ మనిషి తిరుపతి చూసి ఉండడు, ఆ హోటల్‌లో ఏ గది ఖాళీగా ఉందో అతనికి తెలియదు.

కమిషన్ సంగతి కూడా అడిగాను. నూరు రూపాయల్లో ఇరవైకి అటూ ఇటూ పోతుందని చెప్పాడు. ఆ ఇరవై మిగిలితే పరుపుకి డబ్బు అడగాల్సిన పనే ఉండదన్నాడు. ఆ మాట నాకు న్యాయంగానే తోచింది.

"మరి నేరుగా అయితే తక్కువకి ఎందుకు పెట్టరు?" అని చాలామంది అడుగుతారు. దీనికి వెనక ఒక కథ ఉంది. తమ దగ్గర పెట్టిన ధర కంటే తక్కువకి ఇంకో సైట్‌లో గానీ హోటల్ సొంత వెబ్‌సైట్‌లో గానీ అమ్మకూడదని పెద్ద సైట్లు హోటళ్ళ చేత ఒప్పందం రాయించుకునేవి. హోటళ్ళ సమాఖ్య ఫిర్యాదు చేస్తే, వ్యాపారంలో పోటీ న్యాయంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపింది. 2022 అక్టోబరులో మేక్‌మైట్రిప్-గోఐబిబోకి 223.48 కోట్ల జరిమానా వేసి, అలాంటి షరతులు తీసేయమని ఆదేశించింది. ఇప్పటికీ చాలా హోటళ్ళ సొంత వెబ్‌సైట్ రేటు యాప్ రేటుతో సమానంగానే కనిపిస్తుంది. కొన్నిసార్లు బ్యాంకు కార్డు ఆఫర్ వల్ల యాప్‌లోనే తక్కువ పడుతుంది. మాట్లాడితే తేడా వచ్చేది రేటులో కాదు, దానితో పాటు ఇచ్చేవాటిలో. పొద్దున్నే చెకిన్, పరుపు, టిఫిన్, సామాను దాచడం, సాయంత్రం రెండు గంటలు ఎక్కువ ఉండనివ్వడం. ఇవేవీ రేటు పట్టీలో కనబడవు.

పన్ను కూడా ఒకసారి చూసుకోవాలి. రోజుకి 7,500 రూపాయల దాకా ఉన్న గదులకి 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ 5 శాతమే, అంతకుముందు 12 ఉండేది. వెయ్యి లోపు గదులకి 2022 జులై దాకా అసలు పన్నే లేదు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్న లాడ్జి అయితే నేరుగా తీసుకున్నప్పుడు ఈ పన్ను పడదు. అదే గది సైట్ ద్వారా తీసుకుంటే లాడ్జి బదులు సైటే పన్ను కట్టాలని చట్టం, కాబట్టి అది మన బిల్లులోకి వస్తుంది. పైగా సైట్ వేసే కన్వీనియన్స్ ఫీజు, దాని మీద విడిగా పన్ను. మొదటి పేజీలో కనిపించిన అంకె చూసి నిర్ణయించుకోకండి. డబ్బు కట్టే ముందు చివర్లో వచ్చే పేజీ దాకా వెళ్ళి చూడండి.

"ఒక్క గదే మిగిలింది" అని ఎర్రక్షరాల్లో వచ్చేది చూసి అక్క టెన్షన్ పడింది. నేను అదే హోటల్‌కి ఫోన్ చేసి అడిగితే ఆ తేదీకి ఇంకా గదులున్నాయన్నారు. హోటల్ ఆ సైట్‌కి ఇచ్చిన వాటాలో ఒక్కటి మిగిలిందేమో, హోటల్‌లో కాదు. లేని తొందర పెట్టడం, ధరని ముక్కలుగా చూపించి చివర్లో పెంచడం లాంటివి వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో తప్పుగా చేర్చిన 13 పద్ధతుల్లో ఉన్నాయి. అయినా ఆ ఎర్రక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

కొండ దిగాక ఉండటానికి అలిపిరి వైపు ఇంకో హోటల్‌లో బావ నేరుగా మాట్లాడి తీసుకున్నాడు. ముందు యాప్‌లో ఫొటోలు, ఈమధ్య వచ్చిన రివ్యూలు చూసుకుని, తర్వాత ఫోన్ చేశాడు. అడిగినవి ఇవే: మీది ట్వంటీ ఫోర్ అవర్స్ చెకౌటా, పన్నెండింటి చెకౌటా? దర్శనం ఆలస్యమైతే రూము ఉంచుతారా? వేడినీళ్ళు రోజంతా వస్తాయా, పొద్దున కొన్ని గంటలేనా? లిఫ్ట్ ఉందా? ఎంతమందిమి, చిన్నపిల్లలెవరు అన్నది కూడా ముందే చెప్పాడు. అవతల ఫోన్‌లో ఉన్నాయన "మీరు దిగేదానికి ముందు ఒక ఫోన్ కొట్టండి సార్, రూము రెడీగా పెడతా" అన్నాడు. అదంతా వాట్సాప్‌లో రాసి పంపమంటే పంపాడు. ఒక రోజు అద్దెలో కొంత అడ్వాన్స్ తీసుకుని రసీదు ఇచ్చాడు. రేటు యాప్ కంటే పెద్దగా తగ్గలేదు. కానీ మేం కొండ మీద నుంచి అర్ధరాత్రి దాటాక దిగితే గది తయారుగా ఉంది. దిగినప్పటి నుంచి ఇరవై నాలుగు గంటలు లెక్క వేశారు. అమ్మ పరుపుకి డబ్బు అడగలేదు. మర్నాడు తిరుచానూరు వెళ్ళి వచ్చేదాకా సామాను రిసెప్షన్ వెనక గదిలో ఉంచారు. రెండు హోటళ్ళూ శుభ్రతలో ఒకటే. మొదటిదానికి మొత్తం ఎక్కువ ఖర్చయింది, మనసుకి మాత్రం రెండోది నచ్చింది.

సైట్ వల్ల మేలు లేదని నేననను. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, తమిళుల పురటాసి నెల శనివారాలు... అప్పుడు ఫోన్‌లో ఇచ్చిన నోటిమాట నిలబడటం కష్టం. ఎక్కువ ఇచ్చేవాడు ఎదురుగా నిలబడితే గది అతనికి పోతుంది. అలాంటి రోజుల్లో ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న ఆన్‌లైన్ బుకింగ్ చేతిలో ఉండటమే మంచిది, కనీసం అడగడానికి ఒక కాగితం ఉంటుంది. దర్శనం టికెట్ తేదీ ఇంకా ఖాయం కానప్పుడు కూడా అంతే. చిన్న లాడ్జిలు అడ్వాన్స్ తిరిగి ఇవ్వడంలో చాలా మొండిగా ఉంటాయి.

ఇంకొక సంగతి మాత్రం అందరూ గట్టిగా గుర్తుంచుకోవాలి. నేరుగా హోటల్‌కి ఫోన్ చేయడం అంటే ఇంటర్నెట్‌లో ముందు కనిపించిన నంబరుకి చేయడం కాదు. యాత్రాస్థలాల్లో హోటళ్ళ పేర్లతో నకిలీ వెబ్‌సైట్లు, మ్యాప్‌లో మార్చేసిన ఫోన్ నంబర్లు పెట్టి మోసం చేస్తున్నారని కేంద్ర హోం శాఖ సైబర్ విభాగం 2025లో హెచ్చరించింది. ఎక్కువ డిస్కౌంట్ అంటారు, క్యూఆర్ కోడ్ పంపి మొత్తం డబ్బు వెంటనే కట్టమంటారు. మేం నంబరుని హోటల్ సొంత వెబ్‌సైట్‌లో, పాత బిల్లు మీద, అంతకుముందు అక్కడ దిగిన మా పక్కింటివాళ్ళ దగ్గర సరిచూసుకున్నాం. డబ్బు పంపేటప్పుడు తెర మీద వచ్చే పేరు హోటల్‌దో, ఎవరో మనిషిదో చూశాం. ఎక్కడైనా మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు దొరకదు.

టీటీడీ గదుల విషయంలో ఈ చర్చే లేదు. తిరుమల మీది గదులు గానీ, కింద బస్టాండ్ ఎదుటి శ్రీనివాసం, రైల్వే స్టేషన్ ఎదుటి విష్ణు నివాసం, మాధవం గానీ ఏ బయటి సైట్‌కీ అమ్మడానికి ఇవ్వరు. ఆన్‌లైన్‌లో తీసుకోవాలంటే దేవస్థానం అధికారిక వెబ్‌సైట్, యాప్ తప్ప వేరే దారి లేదు. చిరునామా చివర ఏపీ డాట్ జీవోవీ డాట్ ఇన్ అని ఉందో లేదో చూడండి. కొండ మీద 50, 100 రూపాయల గదులు ఇంకా ఉన్నాయి, కాబట్టే దళారులు వాటి పేరు చెప్పి డబ్బు గుంజుతారు. 2023 మార్చి నుంచి గదులివ్వడంలో ముఖ గుర్తింపు పెట్టారు. ఒకరి పేర తీసుకుని ఇంకొకరికి ఇవ్వడం దాంతో కష్టమైంది. మూడు నెలల ముందు విడుదల చేసే కోటాలో దొరికితే హోటల్ ఊసే అక్కర్లేదు. మాకు దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో కాణిపాకం వెళ్ళి చిత్తూరులో ఒక రాత్రి ఉన్నాం. కాణిపాకంలో దేవస్థానం గదులున్నాయి గానీ మేం వెళ్ళింది సెలవురోజు, నిండిపోయాయి. అక్కడికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో చిత్తూరు. సైట్లలో వెతికితే ఆ ఊళ్ళో కనిపించే హోటళ్ళు తక్కువ. ఉన్నవాటికి రివ్యూలూ పాతవి. నిజానికి ఊళ్ళో లాడ్జిలు బాగానే ఉన్నాయి. చెన్నై-బెంగళూరు రోడ్డు మీద పోయేవాళ్ళు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల పని మీద వచ్చేవాళ్ళు దిగుతుంటారు. వాటిలో చాలావాటికి సైట్‌తో పనే లేదు, రిజిస్టరూ ఫోనూ చాలు. ఆటో అతన్ని అడిగి వెళ్ళి, గది తెరిపించి, కుళాయి తిప్పి, దుప్పట్లు చూసి తీసుకున్నాం. అడిగిన రేటులో కొంత తగ్గించారు. "పిల్లోళ్ళు ఉండారు కదమ్మా, కింద గది తీసుకోండి, మెట్లెక్కే పని లేదు" అని రిసెప్షన్‌లో పెద్దాయన తనే గది మార్చి ఇచ్చాడు. బిల్లు అడిగితే రాసిచ్చాడు. దాని మీదే ఫోన్ నంబరు ఉంది, బావ ఫొటో తీసి పెట్టుకున్నాడు.