పదకొండు దాకా వెల అడగకూడదు

నారాయణగూడ వైపు ఒక బడి హాల్లో ప్రతి నెలా రెండో ఆదివారం నాణేలు పోగుచేసేవాళ్లు కలుస్తారు. ఉదయం 10 నుంచి ఒంటిగంట దాకా. ప్రవేశం 50 రూపాయలు, పిల్లలకు ఉచితం. ఏడు నెలలుగా మానకుండా వెళ్తున్నాను కాబట్టి రాసే హక్కు వచ్చిందనుకుంటున్నాను.

నేను బ్యాంకు కౌంటరులో ముప్పై నాలుగేళ్లు చిల్లర లెక్కపెట్టినదాన్ని. నయా పైసలు, పువ్వు అంచు పది పైసలు, తామరపువ్వు ఉన్న పసుపుపచ్చ ఇరవై పైసలు కనిపిస్తే నా పర్సులోంచి అంత మొత్తం వేసి ఇంటికి తెచ్చుకునేదాన్ని. రిటైరయ్యాక వాటి గురించి నలుగురితో మాట్లాడాలనిపించి మొదట ఒక ఫోను గుంపులో చేరాను. పొద్దున్నే గులాబీ పువ్వుల శుభోదయాలు, మధ్యాహ్నం రాజకీయాలు. ఒకాయన పాపం, ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తారట నిజమేనా అని అడిగాడు. పదిమంది కలిసి నవ్వారు. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుంటున్న మోసగాళ్లను నమ్మవద్దని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఆ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. ఆయన మళ్లీ నోరు తెరవలేదు. నేనూ బయటికి వచ్చేశాను.

ఈ హాల్లో నల్లబల్ల మీద సుద్దతో రెండే వాక్యాలుంటాయి. ‘నాణెం, నోటు, పతకం. మిగతా కబుర్లు టీ దగ్గర.’ ‘11 గంటల దాకా వెల అడగవద్దు, చెప్పవద్దు.’ మొదటిసారి చదివి, ఇదేం చాదస్తం అనుకున్నాను. వ్యాపారులు కూడా వస్తారు మరి. కానీ అమ్మకం లేని ఆ గంటలో వాళ్లకీ చూపించడం తప్ప పని ఉండదు. ఒకాయన నా చేతికి భూతద్దం ఇచ్చి రూపాయి బిళ్ల మీద సంవత్సరం కింద చూడమన్నాడు. చిన్న నక్షత్రం. అది హైదరాబాదు టంకశాల గుర్తు. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, చుక్క నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఒకప్పుడు సైఫాబాద్‌లో, 1997 నుంచి చర్లపల్లిలో ముద్రించిన మన ఊరి బిళ్లల్ని మూడు దశాబ్దాలు లెక్కపెట్టాను, ఆ నక్షత్రం ఒక్కసారీ కంటబడలేదు!

మూడో నెల నేను విక్టోరియా రాణి రూపాయి తీసుకెళ్లాను. జాతరలో కొన్నాను, లోలోపల గర్వం కూడా. నిర్వాహకుడైన పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, ‘బరువు చూద్దామా అమ్మా’ అని కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. త్రాసు 9.4 గ్రాములు చూపింది. తన పెట్టెలోంచి ఇంకోటి తీసి పక్కన పెట్టాడు. అది 11.6. అసలు బరువు 11.66 అట, కాస్త అరిగింది. ‘మోసపోయారు’ అనే మాట ఆయన నోట రాలేదు. హాల్లో ఎవరూ మా వైపు చూడలేదు. ఆ బిళ్ల ఇప్పటికీ నా పర్సులోనే ఉంది, నకిలీ అంటే ఇలా ఉంటుందని కొత్తవాళ్లకు చూపిస్తుంటాను.

పోయిన నెల ఒక కుర్రాడు నాయనమ్మ దగ్గరి నిజాం కాలం నాటి చార్మినార్ బొమ్మ రూపాయిని చింతపండుతో తళతళలాడేట్టు తోమి తెచ్చాడు. నాకు పళ్లు కొరుక్కోవాలనిపించింది. పెద్దాయన మాత్రం చిన్నతనంలో తానే తోమి పాడుచేసుకున్న రూపాయిని తీసి చూపించి, తరవాత భూతద్దంలోంచి చార్మినార్ కమాను చూడమన్నాడు. అక్కడ ‘ఐన్’ అనే ఉర్దూ అక్షరం, అంటే ఉస్మాన్ అలీ ఖాన్ కాలం. ‘మీమ్’ ఉంటే అంతకు ముందరి మహబూబ్ అలీ ఖాన్. వాడు అది ఏదో గీత అనుకున్నాడట.

అన్నీ బాగున్నాయని కాదు. హాలు రెండో అంతస్తులో, లిఫ్టు లేదు, నా మోకాళ్లకు ఆ మెట్లంటే భయం. టీ నీళ్లలా ఉంటుంది. పదకొండు కొట్టగానే సంత మొదలవుతుంది, మెల్లగా మాట్లాడేవాళ్ల మాట ఎవరికీ వినిపించదు. అగ్గిపెట్టెల బొమ్మలు తెచ్చిన ఒకాయనను నియమం పేరుతో సైకిళ్ల స్టాండు పక్కనున్న టీ బల్ల దగ్గరికి పంపేశారు. నియమం సరైనదే, లేకపోతే ఇదీ ఆ ఫోను గుంపులాగే అవుతుంది. కానీ ఆయన వెంట ఒక్కరైనా మెట్లు దిగి వెళ్లి ఉండాల్సింది. నేనూ వెళ్లలేదు, మోకాళ్ల సాకు చెప్పుకున్నాను. ఇంకో సంగతి, ఆడవాళ్లం ముగ్గురమే. మొదటిరోజు ఒకాయన ‘మీవారి సేకరణా?’ అని అడిగాడు. ఆయన పోగుచేసేది పాత కరెంటు బిల్లులే నాయనా అన్నాను.

అయిదుకు నాలుగు చుక్కలు ఇస్తాను. వెళ్లేవాళ్లు పది గంటలకే వెళ్లండి, పదకొండున్నరకు వెళ్లి తిట్టుకోకండి. వచ్చే నెల నా పది పైసల డబ్బా తెస్తున్నాను. ఎడమవైపు మూడో బల్ల.