ఇందిరానగర్‌లో కార్డ్రాస్ సెమినరీ స్లైడ్ షో: టికెట్ డబ్బులకి న్యాయం చేశారు

బెంగళూరు ఇందిరానగర్‌లో ఒక చిన్న స్టూడియోవాళ్ళు టికెట్ పెట్టి ఆర్కిటెక్చర్ మీద స్లైడ్ షోలు నడుపుతున్నారు. ఈసారి స్కాట్లాండ్‌లో, గ్లాస్గోకి కాస్త దూరంలో కార్డ్రాస్ ఊరి దగ్గర పాడుబడి ఉన్న సెయింట్ పీటర్స్ సెమినరీ గురించి. కాథలిక్ ఫాదర్లు కాబోయేవాళ్ళు ఉండి చదువుకోవడానికి కట్టిన కాలేజీ అది. నాకు చాలా నచ్చింది, ఎందుకంటే పాడుబడ్డ గోడల ఫొటోలు చూపించి అయ్యో అనిపించి పంపేయకుండా, ఆ బిల్డింగ్ ఎందుకు నిలబడలేదో విప్పి చెప్పారు.

ముందు సెక్షన్ డ్రాయింగ్, అంటే బిల్డింగ్‌ని నిలువుగా కోసినట్టు లోపలంతా చూపించే బొమ్మ, పెట్టారు. కింద చాపెల్ (ప్రార్థన మందిరం), భోజనశాల, పైన మెట్లుమెట్లుగా లేచిన అంతస్తుల్లో విద్యార్థుల గదులు, అన్నీ ఒకే పొడవాటి కాంక్రీట్ బ్లాకులో. ఇజీ మెట్జ్‌స్టీన్, ఆండీ మెక్‌మిలన్ డిజైన్ చేశారు. మెట్జ్‌స్టీన్ బెర్లిన్‌లో పుట్టిన యూదుడు, నాజీల నుంచి తప్పించుకుని 1939లో పిల్లవాడిగా బ్రిటన్ చేరినవాడు. అలాంటి మనిషి కాథలిక్కుల కోసం ఇంత ప్రేమగా కట్టాడంటే నాకు ఒళ్ళు పులకరించింది.

1966లో తెరిచారు, మరుసటి ఏడే అవార్డు కూడా వచ్చింది. కానీ కడుతుండగానే కాథలిక్ చర్చి పెద్దల రెండో వాటికన్ మహాసభ జరిగి, ఫాదర్లని ఊరికి దూరంగా కాదు, జనం మధ్యే తయారు చేయాలన్న ఆలోచన బలపడింది. వంద మంది కోసం కట్టిన చోటు ఎన్నడూ నిండలేదు, 1980లో మూసేశారు. తర్వాత కొన్నాళ్ళు మత్తుమందుల బాధితుల కేంద్రంగా నడిచింది. 1992లో అత్యున్నత వారసత్వ హోదా ఇచ్చారు గానీ అప్పటికే ఖాళీ. 1995లో కాలేజీ మధ్యలో ముందు నుంచీ ఉన్న పాత బంగళా కాలిపోతే కూల్చేశారు.

నాతో వచ్చిన మా తోడల్లుడు మారతహళ్ళిలో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. "స్లాబులకి వాటం ఎలా ఇచ్చారండీ, అక్కడ వర్షాలు ఎక్కువ కదా?" అని అడిగాడు. చెప్పేవారు దాటేయకుండా, నీళ్ళు కారడం మొదటి నుంచీ ఉన్న బాధేనని, మెయింటెనెన్స్ ఖర్చు మోయలేకపోయారని ఒప్పుకున్నారు. నాకైతే ఈ జవాబే ఆ సాయంత్రానికి విలువ తెచ్చింది.

ఒక్క లోటు ఉంది. మెట్జ్‌స్టీన్, మెక్‌మిలన్‌లకి స్ఫూర్తి ఫ్రాన్స్‌లో ఆర్కిటెక్ట్ లె కార్బూజియే కట్టిన లా తురెత్ మఠం, అదే కార్బూజియే దగ్గర పనిచేసిన మన ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి మన బన్నేరుఘట్ట రోడ్డులో ఐఐఎం కట్టారు, రాతి గోడలు, పందిళ్ళు, పొడవాటి వరండాలతో. అది నేటికీ విద్యార్థులతో కళకళలాడుతోంది. ఈ పోలిక మీద అరగంట మాట్లాడొచ్చు, కానీ ఆఖర్లో రెండు స్లైడ్లతో ముగించేశారు. బెంగళూరు జనానికి కావాల్సింది అదే కదా!

వెనక కుర్చీల్లోంచి డ్రాయింగులు సరిగా కనబడవు, పది నిమిషాలు ముందే వెళ్ళి ముందు వరస పట్టుకోండి. డిజైన్, సివిల్ చదివే పిల్లలుంటే తప్పకుండా తీసుకెళ్ళండి.