ర్యామ్ మీద అనుమానం: విండోస్ టెస్టా, మెమ్‌టెస్టా, స్టిక్‌లు మార్చి చూడటమా?

బ్లూ స్క్రీన్ వచ్చిన ప్రతిసారీ వేరే ఎర్రర్ కోడ్, నిన్న బాగానే తెరుచుకున్న జిప్ ఫైల్ ఇవాళ పాడైందనడం, కారణం లేకుండా ప్రోగ్రామ్‌లు మూసుకుపోవడం ఉంటే ముందు ర్యామ్‌నే అనుమానించాలి. ఏ పరీక్షకైనా ముందు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్‌ల తెరలో) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆపేయండి. ర్యామ్‌ను మామూలు కంటే ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్‌లు ఇవి. చాలాసార్లు తప్పు స్టిక్‌ది (ర్యామ్ పట్టీది) కాదు, అది మోయలేని స్పీడ్‌ది.

విండోస్‌లోనే ఉండే ర్యామ్ పరీక్ష, విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్‌కు ఉన్న ఒకే మేలు, డౌన్‌లోడ్ అక్కర్లేకపోవడం. మామూలుగా నడిచేది స్టాండర్డ్ టెస్టే. పరీక్ష మొదలయ్యాక ఎఫ్1 నొక్కి ఎక్స్‌టెండెడ్ ఎంచుకోండి. ఫలితం కనపడకపోతే విండోస్ చిట్టా చూపే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లో వెతకాలి. ఇది తప్పు చూపిస్తే నమ్మండి. ఏమీ లేదంటే మాత్రం నమ్మకండి, అప్పుడప్పుడూ మాత్రమే తలెత్తే లోపాలు దీని కన్నుగప్పి పోతాయి.

మెమ్‌టెస్ట్86ను పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. ఉచిత ఎడిషన్ 4 పాస్‌ల (పరీక్షలన్నీ ఒకసారి పూర్తయితే ఒక పాస్) దగ్గర ఆగుతుంది. ఓపెన్ సోర్స్‌గా వచ్చే మెమ్‌టెస్ట్86 ప్లస్‌కు ఆ హద్దు లేదు. రకరకాల ప్యాటర్న్‌లు రాసి చదువుతూ, ఏ అడ్రస్‌లో ఏ బిట్ తేడా కొట్టిందో చూపిస్తుంది. 32 జీబీకి గంటలు పడుతుంది కాబట్టి రాత్రికి వదిలేయడమే సుఖం. ఎక్స్‌ఎంపీ ఆపాక కూడా ఒక్క ఎర్రర్ వచ్చినా ‘ఒకటే కదా’ అని సరిపెట్టుకోవద్దు.

అయితే తప్పు స్టిక్‌దా, స్లాట్‌దా, ర్యామ్‌తో మాట్లాడే, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌దా అన్నది ఈ రెండూ తేల్చలేవు. అది స్టిక్‌లు మార్చి చూస్తేనే తేలుతుంది. పవర్ కేబుల్ పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ నుంచి రెండో స్లాట్‌లో ఒక్క స్టిక్ పెట్టి మెమ్‌టెస్ట్ నడపండి. తర్వాత అదే స్లాట్‌లో రెండోది. ఎర్రర్ స్టిక్ వెంట వెళ్తే స్టిక్ పోయినట్టే. ఏ స్టిక్ పెట్టినా ఆ స్లాట్‌లోనే వస్తే బోర్డునో, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్నులనో చూడాలి. విడివిడిగా రెండూ పాసై, కలిపితే ఫెయిలైతే స్పీడ్ తగ్గించి మళ్లీ చూడండి. డీడీఆర్5 అయితే స్టిక్ మార్చాక మొదటి బూట్‌లో మెమరీ ట్రెయినింగ్ (కొత్త స్టిక్‌కు తగ్గట్టు బోర్డు సర్దుకోవడం) వల్ల కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. తొందరపడి ఆపేయకండి.

కాబట్టి నా ఓటు మెమ్‌టెస్ట్‌కు. దానిలో ఎర్రర్ కనపడితే స్టిక్‌లు మార్చి చూడటం. విండోస్ టెస్ట్ అంటారా, అది పెన్‌డ్రైవ్ దొరకనప్పటికే. ర్యామ్‌ను బోర్డుకే సోల్డర్ చేసిన ల్యాప్‌టాప్‌లలో మార్చి చూసే వీలుండదు. అక్కడ లోపం ఒకే చిన్న అడ్రస్ పరిధిలో ఉంటే, లినక్స్‌లో మెమ్‌మ్యాప్ కెర్నెల్ పారామీటర్‌తో (బూట్ అయ్యేటప్పుడు ఇచ్చే సెట్టింగ్) ఆ భాగాన్ని వాడకుండా పక్కన పెట్టి, బోర్డు మార్చేదాకా నెట్టుకురావచ్చు.