సినగాగ్ హాలుకి "ఫ్రీ డిజైన్" అన్నారు, నమ్మి సంతకం పెట్టాం. మీరు పెట్టకండి

అమెరికాలో గుడి కమిటీలో ఉన్నా, చర్చి కమిటీలో ఉన్నా, మాలాగా సినగాగ్ కమిటీలో ఉన్నా సరే, కుర్చీలు అమ్మే కంపెనీవాళ్ళు వచ్చి "హాలు డిజైన్ మేమే ఉచితంగా గీసిస్తాం" అంటే దయచేసి ఇది చదివాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి. పాత చర్చిలూ సినగాగ్‌లూ కొని గుళ్ళుగా మార్చుకుంటున్న మనవాళ్ళకి కూడా ఇలాంటి కంపెనీలే కొటేషన్లు ఇస్తుంటాయి, అందుకే తెలుగులో రాస్తున్నాను.

మేం న్యూజెర్సీలో ఉంటాం. నా భార్యది యూదు కుటుంబం. సినగాగ్ అంటే యూదుల ప్రార్థనా మందిరం. మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులకి కూడా చిన్నది ఒకటి ఉంది. మాది 1950ల్లో కట్టినది. కార్పెట్ చిరిగిపోయింది, చెక్క బెంచీలు వదులైపోయాయి, పెద్దవాళ్ళు వేదిక మెట్లు ఎక్కలేకపోతున్నారు. హాలంతా బాగు చేయిద్దామని కమిటీ వేసి, లెక్కలు చూడమని నన్నూ అందులో పెట్టారు.

ఆర్కిటెక్ట్‌ని పెట్టుకుంటే ఫీజు కట్టాలి. కుర్చీల కంపెనీ సేల్స్‌మన్ మాత్రం రంగుల త్రీడీ బొమ్మలు ఊరికే ఇచ్చాడు. బొమ్మలు చూసి అందరం మురిసిపోయాం. 270 కుర్చీలు, ఒక్కొక్కటి 500 డాలర్లు, మొత్తం 1,35,000. సంతకం రోజున సగం, సరుకు బయలుదేరే ముందు 40 శాతం, బిగించాక మిగతా 10 శాతం. ఆ చెల్లింపు పద్ధతికి ఒప్పుకోవడమే మేం చేసిన అతిపెద్ద తప్పు. కుర్చీలు మా గుమ్మంలోకి వచ్చేసరికే 1,21,500 డాలర్లు వాళ్ళ చేతిలో ఉన్నాయి. ఆ తర్వాత మా ఫోను ఎత్తాల్సిన అవసరం వాళ్ళకి ఏముంటుంది?

ఇక కుర్చీల సంగతి. మా హాల్లో 15 అడుగుల బెంచీలు 30 ఉండేవి. అమెరికాలో చాలాచోట్ల వాడే బిల్డింగ్ కోడ్ ప్రకారం, మధ్యలో చేతులు లేని బెంచీ మీద మనిషికి 18 అంగుళాల చొప్పున లెక్క. అంటే బెంచీకి 10 మంది, మొత్తం 300. కొత్త కుర్చీ 20 అంగుళాలని కొటేషన్‌లో ఉంది కాబట్టి వరసకి 9 పడతాయి, 270 వస్తాయి, పర్వాలేదు అనుకున్నాం. తీరా చూస్తే 20 అంగుళాలు కూర్చునే పలక వెడల్పు మాత్రమే. చేతులతో కలిపి 22. వరసకి 8 మించి పట్టలేదు. 300 మంది కూర్చునే హాల్లో ఇప్పుడు 240 మందే. మామూలు శనివారాల్లో ఇది తెలియదు. రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ఉపవాస దినం) లాంటి పెద్ద పండగ రోజుల్లో హాలు కిక్కిరిసిపోతుంది, 60 మందికి "చోటు లేదు" అని చెప్పాలంటే ఎలా ఉంటుందో ఆలోచించండి. కుర్చీ శాంపిల్ ఒకటి ముందే తెప్పించుకుని టేపు పెట్టి కొలవండి. చేతులతో కలిపి కొలవండి.

వేదిక దగ్గర ఇంకా ఘోరం. బిమా అంటారు దాన్ని, యూదుల పవిత్ర గ్రంథం తోరా చదివే చోటు. మాది నేల నుంచి 28 అంగుళాల ఎత్తు. వీల్‌చెయిర్ ర్యాంపుకి అంగుళం ఎత్తుకి అడుగు పొడవు కావాలి, అంటే 28 అడుగులు, పైనా కిందా ఆగే చోట్లు అదనం. బొమ్మలో గీసింది 10 అడుగులు! అడిగితే "మత సంస్థలకి వికలాంగుల చట్టం వర్తించదు" అన్నాడు. ఫెడరల్ చట్టం విషయంలో అది నిజమే, మత సంస్థలకి మినహాయింపు ఉంది. కానీ మా ఊరి బిల్డింగ్ ఆఫీసు ఆ డ్రాయింగ్ చూసి వెనక్కి పంపేసింది. చట్టం మాట అటుంచండి, అంత నిటారు ర్యాంపు మీద 80 ఏళ్ళ మనిషిని చక్రాల కుర్చీలో ఎవరు తోస్తారు? చివరికి బిమానే 14 అంగుళాలకి దించాలని తేలింది. ఆ ఖర్చు ఏ కొటేషన్లోనూ లేదు.

నేల గురించి తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్. కుర్చీలు బిగించడానికి వచ్చినవాళ్ళు పాత కార్పెట్ తీసి డ్రిల్లింగ్ మొదలుపెట్టారు. కింద 9 అంగుళాల చదరపు పలకలు ఉన్నాయి. ఆ కాలపు భవనాల్లో అలాంటి పలకల్లోనూ, వాటి కింది నల్ల జిగురులోనూ, పీలిస్తే క్యాన్సర్ తెచ్చే ఆస్‌బెస్టాస్ చాలాసార్లు ఉంటుంది. మా సభ్యుల్లో ఒకావిడ గుర్తుపట్టి పని ఆపించారు. ల్యాబ్‌కి పంపితే ఉందనే వచ్చింది. ఇలాంటి భవనాల్లో పని మొదలుపెట్టకముందే ఆస్‌బెస్టాస్ తనిఖీ చేయించాలన్నది ఫెడరల్ నియమం. మాకు తెలియదు, వాళ్ళు చెప్పలేదు. ఆ హాల్లోనే పిల్లలు ఆడుకుంటారు.

వినికిడి యంత్రాలు పెట్టుకునేవాళ్ళకి మైకు మాట నేరుగా యంత్రంలోకి చేరేలా నేలలో తీగ పరుస్తారు, హియరింగ్ లూప్ అంటారు. అది కార్పెట్ వేయకముందే పరవాలి. స్లాబులో ఇనుప చువ్వలుంటే సిగ్నల్ తగ్గుతుంది కాబట్టి ముందే టెస్ట్ చేయాలి. ఫ్రీ డిజైన్లో దాని ఊసే లేదు.

కొటేషన్ చివర "పాత సామాను తొలగింపు ఉచితం" అని ఒక లైను ఉంది. మా రబ్బై, అంటే మత గురువు, చదివి ఆగిపోయారు. బెంచీలు ఇచ్చేయొచ్చు గానీ తోరా చుట్టలు ఉంచే మందసం, దాని ముందు తెర చెత్త డబ్బాలో వేయడానికి వీల్లేదు. వాటిని గెనిజాలో, అంటే వాడకం అయిపోయిన పవిత్ర వస్తువులు ఉంచే చోట, భద్రం చేయాలి. పాత దేవుడి పటాల్ని మనం చెత్తలో పడేయం కదా, అలాగే. ఆయన చూడకపోతే అవి ఆ ట్రక్కులోనే వెళ్ళిపోయేవి. కాబట్టి ఏది ఎవరు తీసుకెళ్తారో వస్తువు పేరుతో సహా రాయించుకోండి. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా, అంటే యూదుల విశ్రాంతి దినాన, పని జరగదని కూడా కాంట్రాక్టులోనే ఉండాలి. మాకు నోటిమాటగా ఒప్పుకున్నారు, ఒక శనివారం పొద్దున్నే ట్రక్కు వచ్చి నిలబడింది.

కొత్తది కట్టకుండా పాత సినగాగ్‌ని పడగొట్టకూడదని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లో ఒక మాట ఉంది. మొదటి మీటింగులోనే ఒక పెద్దాయన అది గుర్తుచేసి "పని ఆగిపోతే ప్రార్థన ఎక్కడ?" అని అడిగారు. నాలుగు నెలల్లో అయిపోతుందని సేల్స్‌మన్ హామీ ఇచ్చాడు, మేం ఊరుకున్నాం. 2025లో రోష్ హషానా సెప్టెంబర్ 22 సాయంత్రం వచ్చింది. అప్పటికి మా హాల్లో నేల లేదు. అద్దెకి తీసుకున్న స్కూల్ ఆడిటోరియంలో మడత కుర్చీల మీద కూర్చున్నాం. ఆ పెద్దాయన ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది.

ఏమీ అమ్మని ఆర్కిటెక్ట్‌ని ఇప్పుడు పెట్టుకున్నాం. మొదటి రోజే ఆమె అడిగినవి నేల తనిఖీ రిపోర్టు, బిమా ఎత్తు, పండగ రోజు వచ్చేవాళ్ళ సంఖ్య. ఫీజు మేం ఆ కంపెనీవల్ల పోగొట్టుకున్నదానిలో సగం కూడా కాదు.

మిగిలిపోయిన 30 కుర్చీలు అట్టపెట్టెల్లో బేస్‌మెంట్‌లో ఉన్నాయి. వెనక్కి తీసుకోమంటే 25 శాతం కోత, రవాణా ఖర్చు మాదేనట. అది కొటేషన్ మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. మీ దగ్గర ఉన్న కొటేషన్లో ఆ పేజీ ఒకసారి తీసి చూడండి.