పుస్తక చర్చ గ్రూపుకి టెలిగ్రామ్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఆన్‌లైన్‌లో పుస్తక చర్చ గ్రూపు పెట్టాలనుకునేవాళ్లు ఏ యాప్ వాడాలని అడిగితే నేను టెలిగ్రామ్ పేరే చెబుతాను. కొన్నేళ్లుగా మా గ్రూపు అందులోనే నడుస్తోంది. నిదానంగా చదివేవాళ్లు కూడా అందులో చివరిదాకా నిలబడగలరు, నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఒకే పుస్తకాన్ని ఒకరు రెండు రోజుల్లో పూర్తిచేస్తారు, ఇంకొకరికి సెలవు రోజు తప్ప తీరిక దొరకదు. అందరి మాటలూ ఒకే చాట్‌లో పడితే, హంతకుడెవరో వెనకబడినవాళ్లకు నోటిఫికేషన్‌లోనే తెలిసిపోతుంది. వాళ్లు గొడవేమీ పెట్టరు. మెల్లగా గ్రూపు తెరవడం మానేస్తారంతే.

టెలిగ్రామ్‌లో 2022లో వచ్చిన టాపిక్స్‌ని, అంటే ఒకే గ్రూపులో విడివిడిగా ఉండే చర్చలని, గ్రూప్ సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకుంటే దీనికి పరిష్కారం దొరుకుతుంది. మేం ప్రతి పుస్తకానికీ మూడు నాలుగు టాపిక్స్ పెడతాం: మొదటి భాగం, మధ్య భాగం, ముగింపు, ఇలా. ఎవరు ఎక్కడిదాకా చదివితే అక్కడిదాకే తెరుస్తారు. ముగింపు టాపిక్‌ని మ్యూట్ చేసుకోవచ్చు కూడా. కథ బయటపడే మాట రాయాల్సి వస్తే దాన్ని సెలెక్ట్ చేసి స్పాయిలర్‌గా మార్చొచ్చు. నొక్కేదాకా ఆ మాట కనిపించదు, నోటిఫికేషన్‌లో కూడా. పాత మెసేజ్‌లు కొత్తవాళ్లకు కనిపించేలా పెట్టుకోవచ్చు కాబట్టి, ఆలస్యంగా చేరినవాళ్లు కూడా పాత చర్చలన్నీ చదువుకుంటారు.

భాగాలు విడదీసేటప్పుడు పేజీ నంబర్లు మాత్రం వాడకండి. ఒక్కో ముద్రణకి పేజీలు మారిపోతాయి, ఈబుక్‌లోనైతే అక్షరాల సైజు పెంచగానే లెక్క తప్పుతుంది. అధ్యాయం నంబరు, ఆ పేరాలో మొదటి నాలుగు మాటలు చెబితే అందరూ ఒకేచోటికి వస్తారు.

ముఖాముఖి మాట్లాడుకోవడానికి గూగుల్ మీట్ వాడతాం. ఉచిత ఖాతాలో ముగ్గురు, అంతకన్నా ఎక్కువమంది ఉంటే 60 నిమిషాల పరిమితి ఉంది, జూమ్‌లో 40. నవలకి గంట సరిపోతుంది. "పుస్తకం నచ్చిందా?" అని అడిగితే ఎవరూ రెండు మాటలు దాటి మాట్లాడరు. "ఈ పాత్ర మీద మీకు నమ్మకం ఎక్కడ పోయింది?" అని అడిగి చూడండి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా పుస్తకం తిరగేసి చూపిస్తారు. ఆ నిమిషం కోసమే నేనింకా ఈ పని చేస్తున్నాను.

పుస్తకం ఎంపికకి పోల్ పెట్టడం నాకు ఇష్టం లేదు. మెజారిటీకి నచ్చే ఒకే రకం నవల మళ్లీమళ్లీ గెలుస్తుంది, కవిత్వానికి, వ్యాసాలకి వంతే రాదు. ఒక్కో నెల ఒక్కో సభ్యుడు ఎంచుకునే పద్ధతే మేలు. పోల్‌ని మీటింగ్ వేళ తేల్చడానికి ఉంచుకోండి.

ఒకే చాట్‌కు అలవాటుపడినవాళ్లకు టాపిక్స్ మొదట్లో గజిబిజిగా అనిపిస్తాయి, ఓపిగ్గా ఒకటి రెండుసార్లు చెప్పాలి. దొంగ పీడీఎఫ్‌లు పంచుకోవడం మాత్రం మొదటి రోజునుంచే ఆపండి. రచయిత కష్టాన్ని చర్చించే చోట ఆ కష్టానికి డబ్బు ఎగ్గొట్టడం నాకు సహించదు. కొనలేనివాళ్లకు లైబ్రరీ ఉంది, కాపీహక్కులు తీరిపోయిన పుస్తకాలున్నాయి.

మీరు నలుగురైదుగురే అయి, అందరూ ఒకే వేగంతో చదివేవాళ్లైతే ఇదంతా అక్కర్లేదు. ఇప్పటికే ఉన్న వాట్సాప్ గ్రూపు చాలు.