బీకాం, మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఆపైన ఎల్‌ఎల్‌ఎం: ప్రాక్టీసులో పదేళ్లు దాటాక నా అభిప్రాయం

బీకాం అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేశాను, కొన్నాళ్లకు రెండేళ్ల ఎల్‌ఎల్‌ఎం. పదేళ్లకు పైగా జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. ఇంటర్ అయిన పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు ఆఫీసుకొస్తుంటారు. "ఐదేళ్లదాంట్లో చేర్చమంటారా, డిగ్రీ అయ్యాక మూడేళ్లది చేయించమంటారా మేడమ్?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడా రాస్తున్నాను.

మామూలుగా డిగ్రీకి మూడేళ్లు, లాకి మూడేళ్లు. ఇంటర్ కాగానే ఐదేళ్ల బీఏ ఎల్‌ఎల్‌బీలోనో బీబీఏ ఎల్‌ఎల్‌బీలోనో చేరితే ఏడాది కలిసొస్తుంది. అందరూ ఆ ఏడాదినే చూస్తారు. నేను మాత్రం లాతో పాటు చేతికొచ్చే రెండో డిగ్రీ ఏమిటని చూస్తాను. నా దగ్గరికొచ్చే పనిలో సగం ప్రాంసరీ నోటు దావాలు, చెక్ బౌన్స్ కేసులే. ఒక దావాలో నోటు వెనక చెల్లు రాసి ఉంది. దావా వేయడానికున్న మూడేళ్ల గడువు తీరకముందే అప్పు తీసుకున్నవాడు కొంత కట్టి అక్కడ సంతకం పెడితే, ఆ తేదీ నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. నా క్లయింటేమో తాను కట్టనే లేదంటాడు. వడ్డీ వ్యాపారి లెడ్జర్ తెప్పించి చూస్తే ఆ తేదీన జమ ఉంది గానీ, కింది వరుసలో నిల్వ తగ్గలేదు. ఆ జమ తర్వాత ఇరికించింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఆ ఒక్క పేజీ మీదే నిలబడ్డాను. లెడ్జర్ చదవడం నాకు లా కాలేజీ నేర్పలేదు, బీకాం నేర్పింది.

అలాగని ఐదేళ్ల కోర్సును తక్కువ చేయను. శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటి చోట క్లాట్ (జాతీయ లా ప్రవేశ పరీక్ష)తో సీటొస్తే కళ్లు మూసుకుని చేరండి. పెద్ద లా ఫర్మ్‌లు, కంపెనీల ఉద్యోగాలు ఎక్కువగా అక్కడి నుంచే వస్తాయి. ఒక్క సంగతి మాత్రం చేరేముందే తెలియాలి. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఈ జంట డిగ్రీని మధ్యలో విడగొట్టరు. లా నచ్చలేదని మూడో ఏడు తర్వాత మానేస్తే బీఏ పట్టా చేతికి రాదు. పదిహేడేళ్ల పిల్లల్ని ఇష్టం తెలుసుకోకుండా చేర్పించకండని నేను బతిమాలేది ఇందుకే. డిగ్రీ అయ్యాక చేరేవాళ్లకు ఆ టెన్షన్ లేదు.

మూడేళ్ల కోర్సులో నాకు బాగా లోటనిపించింది ప్రాక్టికల్ పేపర్లు. సిలబస్ చక్కగానే ఉంటుంది. మూట్ కోర్టులు (కోర్టులోలాగే చేసే నమూనా వాదనలు) మూడు, విచారణ దగ్గరుండి చూసి రాయాల్సిన కేసులు రెండు (ఒకటి సివిల్, ఒకటి క్రిమినల్), క్లయింటుతో మాట్లాడటం, ఆపైన వైవా. ఇంటర్న్‌షిప్ మూడేళ్ల వాళ్లకు కనీసం 12 వారాలు, ఐదేళ్ల వాళ్లకు 20 వారాలు. మేం చదివిన కాలేజీలో ఇదంతా రికార్డు పుస్తకం నింపడంతో సరి. సీనియర్ల రికార్డు చూసి ఎక్కించేవాళ్లం, సంతకం పడేది. దాంతో సనద్ (లాయర్‌గా నమోదైనట్టు ఇచ్చే పత్రం) తీసుకుని కోర్టుకొచ్చాక వకాలత్ నింపడం, లోపాలున్నాయని కోర్టు రిటర్న్ వేసిన ప్లెయింట్‌ను (దావా పత్రాన్ని) సరిచేసి తిరిగి వేయడం మా సీనియర్ గారి గుమాస్తా దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆయనకు నేనెప్పటికీ రుణపడి ఉంటాను. కాబట్టి కాలేజీ చూడబోయినప్పుడు బిల్డింగ్ చూసి రాకండి. ఫైనలియర్ పిల్లల్ని పక్కకు పిలిచి, ఎన్నిసార్లు కోర్టుకు తీసుకెళ్లారో అడగండి.

ఎల్‌ఎల్‌ఎం విషయంలో నా మాట సూటిగానే ఉంటుంది. పాఠాలు చెప్పాలనుకుంటే చేయండి, దాని మీద నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) గానీ పీహెచ్‌డీ గానీ ఎలాగూ కావాలి. రాజ్యాంగ చట్టం లోతుగా చదివినందుకు నాకు సంతృప్తి ఉంది, రిట్ల డ్రాఫ్టింగ్‌లో పనికొచ్చింది కూడా. కానీ దాన్ని చూసి ఒక్క క్లయింటూ రాలేదు. క్లాసులకూ వాయిదాలకూ పొసగక ఆ రెండేళ్లూ నలిగిపోయాను. ఇప్పుడైతే నేషనల్ లా యూనివర్సిటీల్లో ఏడాది ఎల్‌ఎల్‌ఎం ఉంది, ప్రాక్టీసులో ఉన్నవాళ్లకు అదే మేలు.

లాతో పాటు ఎంబీఏ కూడా చేయొచ్చా అని చాలామంది అడుగుతున్నారు. రెండూ రెగ్యులర్‌గా చేయడానికి బార్ కౌన్సిల్ ఒప్పుకోదు. యూనివర్సిటీ దూరవిద్యలో చేసే కోర్సుకు మాత్రం మినహాయింపు ఉంది. పేటెంట్లు, సైబర్ చట్టాల మీద నల్సార్ దూరవిద్యలో నడిపే పీజీ డిప్లొమాల లాంటివి ఆఖరి ఏడాదిలో మొదలుపెట్టినా కంపెనీల వైపు వెళ్లేవాళ్లకు అక్కరకొస్తాయి.

జడ్జి కావాలని ఎల్‌ఎల్‌బీలో చేరేవాళ్లు ఇంకొకటి లెక్కలో పెట్టుకోవాలి. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ మూడేళ్లను ప్రొవిజనల్ ఎన్‌రోల్‌మెంట్ (బార్ ఎగ్జామ్ పాసవకముందే లాయర్‌గా తాత్కాలికంగా నమోదవడం) తేదీ నుంచి లెక్కిస్తారు. అందుకని రిజల్ట్స్ రాగానే ఎన్‌రోల్ అయిపోండి, బార్ ఎగ్జామ్ ఆ తర్వాత రాసుకోవచ్చు. ఎన్‌రోల్‌మెంట్‌కు జనరల్ వాళ్లకు 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీలకు 125 రూపాయలకు మించి ఫీజు తీసుకోకూడదని 2024 జులైలోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా రోజుల్లో ఆ ఫీజుకు వేలల్లో అప్పు చేసినవాళ్లున్నారు.